నిన్నటి కోన

రండి, దగ్గరగా కూర్చోండి. ఆ స్తంభానికి ఆనుకున్న పెద్దాయనా, మీరూ కాస్త ఇటు జరగండి స్వామీ. ఈ కథలో కొన్ని మాటలు గొంతు పెంచి చెప్పేవి కావు. పెంచితే ఏమవుతుందో కథలోనే ఉంది. ముందు ఒక్కసారి భగవంతుణ్ణి తలుచుకోండి. తలుచుకున్నారా? మనసు వచ్చిందా? రాలేదా? నవ్వకండి తల్లీ, మన కథ అక్కడే మొదలు.

కొండల అంచున చెన్నమ్మవ్వ మఠం ఉండేది. మఠమంటే పెద్ద కట్టడమేమీ కాదు. బోదగడ్డి కప్పిన రెండు కొట్టాలు, ఒక బావి, నాలుగు చింతచెట్లు. అవ్వకొక అలవాటు. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పదు, పని చెబుతుంది. మాయ అంటే ఏమిటని అడిగిన ఒక పండితుడి చేతిలో చేట పెట్టి మూటెడు కొర్రలు చెరగమంది. ఆయన సాయంత్రం దాకా చెరిగి, కంట్లో పొట్టు పడి, "అర్థమైంది అవ్వా" అని లేచి వెళ్ళిపోయాడట. ఏమర్థమైందో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ మఠంలో విరూపాక్షం అనే శిష్యుడుండేవాడు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. బడిగంట మోగాక చింతబరికె పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. ఆలస్యంగా వచ్చిన ప్రతి పిల్లవాడికీ అరచేతి మీద ఒకటి. ప్రెసిడెంటు గారి మనవడికైనా ఒకటే, చాకలి వెంకటప్ప కొడుక్కైనా ఒకటే. న్యాయమైన మనిషి. అవ్వ దగ్గరికి వచ్చేటప్పుడు ఇల్లూ వాకిలీ వదిలేశాడు గానీ ఆ బరికెను మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

జపానికి కూర్చుంటే అది పక్కనే ఉండేది. మనసు నామాన్ని విడిచి పోతుంది కదా, ఎవరి మనసైనా పోతుంది. పోయిన మనసు ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తుంది. అది తిరిగొచ్చిందని తెలిసిన క్షణాన విరూపాక్షం తన తొడ మీద ఒక్కటి వేసుకునేవాడు. మూడేళ్ళు ఇదే సాధన. తొడ కమిలి నల్లబడింది. మనసు మరింత దూరం పోవడం నేర్చుకుంది. చివరికి నామం నోట్లోకి రాగానే గుండె దడదడ కొట్టుకోవడం మొదలుపెట్టింది. భగవంతుడి పేరుకు భయం! అంతకన్నా నరకముంటుందా చెప్పండి?

ఇక ఈ జన్మకు ఇంతేననుకుని ఒక తెల్లవారుజామున మూట కట్టుకున్నాడు. వెళ్ళబోతూ పొయ్యి దగ్గరున్న అవ్వ ముందు నిలబడ్డాడు.

"అవ్వా, నా మనసు పిలిస్తే రాదు. ఏం చేయాలి? ఈ ఒక్కటి చెప్పు, వెళ్ళిపోతాను."

అవ్వ పొయ్యి ఊదుతూనే అంది. "పైన దొడ్లమిట్టలో ఒక కుక్కుంది. అది కూడా పిలిస్తే రాదంట. తాడు కట్టొద్దు, ఎత్తుకోవద్దు. పిలిచి తోడుకొని రా. తర్వాత పోదువుగానీ."

"కుక్కనా అవ్వా?"

"ముందు కుక్క."

దొడ్లమిట్ట గొర్రెల కాపరుల పల్లె. రెండు గంటలు ఎక్కాలి. ముళ్ళకంపతో కట్టిన మంద దొడ్డి పక్కన, కొట్టం ముందు ఒక ముసలామె కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పేరు సుంకమ్మ. కుక్క ఆమె పెనిమిటిది. పెద్దోబులనే ఆ కాపరి చనిపోయి నలభై రోజులైంది. విరూపాక్షం వచ్చిన పని చెబితే ఆమె ఎదురుగా ఉన్న కొండల మధ్యకు చేయి చూపింది. రెండు ఎర్రటి కొండల నడుమ నిలువునా చీలినట్టు ఒక కోన. దాని అంచున చదునైన చాపరాయి. రాయి మీద నల్లటి చుక్కలా ఏదో కదలకుండా ఉంది.

"అదే బొల్లిగాడు సారూ. నొసట తెల్ల మచ్చ ఉంటాది. నలభై దినాలుగా ఆడే ఉండాది. మా మరిది రోజూ ఆ బండ కింద ఇంత సంగటి పెట్టొస్తాడు. మనిషి మళ్ళినాక తింటాది. ఇంటికి మాత్రం రాదు."

"ఎందుకని?"

సుంకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ కోనకు తొందర లేదు సారూ. ఈ పొద్దు మనమేమన్నా వింటాది, ఊరకుంటాది. మర్సటి దినం సరిగ్గా అదే పొద్దుకు పలుకుతాది. అందుకే నిన్నటి కోనంటాం. మా మనిషి ఆ అంచు మీదనే 'బొల్లీ, రారా, ఇంటికి పోదాం' అని కేకేసి, రెండడుగులేసి కూలిపోయినాడు. మర్సటి దినం మట్టి చేసొచ్చి కాళ్ళు కడుక్కుంటా ఉండాం. పొద్దు వాలింది. కోనలోంచి పిలిచినాడు సారూ. అదే గొంతు. 'బొల్లీ, రారా, ఇంటికి పోదాం.' పల్లెంతా విన్నాం. చెంబు చేతిలో ఉన్నట్టే ఉండిపోయినాం. ఈ కుక్క మాత్రం లేచి ఉరికింది. మళ్ళీ పిలుస్తాడని ఆడే కూసోనుండాది."

విరూపాక్షానికి వీపు మీద చీమ పాకినట్టయింది. అయినా చదువుకున్న మనిషి కదా, గొంతు సవరించుకుని, "మీవాళ్ళు పిలవలేదా?" అన్నాడు.

"నా మోకాళ్ళు ఆ బండలెక్కవు. మా మరిది పిలిస్తే చెవి కూడా ఆడించదు. మా కాడ ఒక కుక్కను ఒకే నోరు పిలుస్తాది సారూ. కొత్త నోరు పిలవాలంటే దాని నమ్మకం సంపాదించుకోవాల. ఈ నెలలో చిరుత రెండు కుక్కల్ని ఎత్తుకపోయింది. దీని వంతు ఈపొద్దో రేపో. ఒక మాట చెప్తా, పిలిచేటప్పుడూ…"

"ఇరవై రెండేళ్ళు పిల్లల్ని పిలిచినవాణ్ణమ్మా" అని విరూపాక్షం అప్పటికే నాలుగడుగులు వేసేశాడు. చేతిలో బరికె ఉంది.

పొద్దు వాలే వేళకు కోన అంచుకు చేరాడు. కింద చెట్లు కూడా కనబడవు, ఉత్త నీడ. చాపరాయి మీద కుక్క కోనలోకే చూస్తూ కూర్చుంది. డొక్కలు లెక్కపెట్టవచ్చు. విరూపాక్షం నిటారుగా నిలబడి, గేటు దగ్గరి గొంతుతో పిలిచాడు.

"బొల్లీ! రా!"

ఎదురుగా అంత కొండ ఉన్నా మాట తిరిగి రాలేదు. పత్తిమూటలో రాయి వేసినట్టు లోపలికి పోయింది. మళ్ళీ పిలిచాడు. పదిసార్లు పిలిచాడు. పదకొండోసారికి కుక్క లేచింది. తల దించుకుని, తోక నేలకు రాస్తూ, నాలుగడుగులు వేసి ఆగుతూ, మళ్ళీ వేస్తూ, చివరికి అతని పాదాల దగ్గరికి వచ్చేసింది. వచ్చేసింది తల్లీ! నలభై రోజులుగా ఎవరికీ రానిది వచ్చి నిలబడింది. అప్పుడు మన మాస్టరు ఏం చేశాడు?

"ఇప్పుడా వచ్చేది? ఎన్నిసార్లు పిలవాలి నిన్ను?" అని వీపు మీద ఒక్కటి వేశాడు.

ఒక్కటే. ఆయన లెక్క ప్రకారం అదే న్యాయం. కుక్క కుయ్యిమని అరిచి మళ్ళీ రాతి మీదికి దూకింది. రేపు మొదటి కేకకే వస్తుందిలే అనుకుంటూ దిగి వచ్చాడు.

"వచ్చిందా సారూ?"

"వచ్చింది. ఆలస్యంగా వచ్చింది. ఒకటిచ్చాను."

సుంకమ్మ నోటి మీద చేయి వేసుకుంది. "అయ్యో నా సామీ! ఆ మాటే కదా చెప్పబోయింది, ఇనకుండా పోతివి. పిలిచిన నోటితో తిట్టకూడదు. మా తాతల కాడ్నుంచీ ఇదే కట్టు. పేరు కూటికే. కోపమొస్తే థూ అంటాం, ఛీ అంటాం, మొగుణ్ణి తిట్టినట్టు తిడతాం, పేరు మాత్రం ఎత్తం. పేరెత్తి పిలిచినాక చేతిలో ముద్దుండాల. రెండు గంటలు ఆలీసమైనా ముద్దే." కోన వైపు చూసింది. "సరే. రేపు నీకే ఇనబడతాదిలే."

మర్నాడు ఆమె ఇచ్చిన సంగటి ముద్ద ఆకులో పెట్టుకుని వెళ్ళాడు. బరికె పంచెలో దోపుకున్నాడు. అది లేకుండా నడవడం రాదు మరి. గొంతు తగ్గించి, "బొల్లీ, రా నాయనా" అన్నాడు. కుక్క చెవులు నిక్కించింది. లేచి ఒక అడుగు వేసింది.

అప్పుడు కోన పలికింది.

"బొల్లీ! రా!"

విరూపాక్షం ఉలిక్కిపడి అటు తిరిగాడు. ఎవరో ఒక మనిషి కింద నీడలో నిలబడి పిలుస్తున్నట్టుంది. ఎవరబ్బా ఇంత కర్కోటకుడు అనుకున్నాడు. ఆ గొంతులో ఇనుముంది. రెండోసారి. మూడోసారి. ప్రతి కేకకూ కుక్క ఇంకాస్త చిన్నదైపోతోంది. ఆరోసారికి అతనికి తెలిసింది అది తన గొంతని. మనిషికి తన ముఖం అద్దంలో కనబడుతుంది గానీ తన గొంతు ఎదుటివాడి చెవిలో ఎలా పడుతుందో ఎవరు చూపిస్తారు? పదకొండు కేకలూ అయ్యాయి. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో కుక్క వస్తున్న గోళ్ళ చప్పుడు రాతి మీద టకటకమని వినిపించింది. నిన్నటి కుక్క. నమ్మి వస్తున్న కుక్క. ఎదురుగా ఉన్న కుక్క తన అడుగుల చప్పుడు తానే వింటూ వణికిపోయింది.

"ఇప్పుడా వచ్చేది?"

బరికె గాలిని కోసిన చప్పుడు. కుయ్యిమన్న అరుపు.

రాతి మీది కుక్క దెబ్బ తగలకుండానే మళ్ళీ అదే అరుపు అరిచింది. అది వినలేక విరూపాక్షం రెండు చెవులూ మూసుకుని కోనకేసి, "నోర్ముయ్!" అని గావుకేక పెట్టాడు. కుక్క పారిపోయి బండ చాటున నక్కింది. సంగటి ముద్ద కింద పడి మట్టి కొట్టుకుపోయింది.

మూడో రోజు కోన ఏమందో మీకు తెలుసు. ముందు మెత్తగా, "బొల్లీ, రా నాయనా" అంది. కుక్క తల ఎత్తింది. ఆ వెంటనే, నిన్న అతను పదకొండు కేకలు విన్నంత సేపు, మౌనం; కోన తన మాట తాను తిరిగి చెప్పదు. తర్వాత, "నోర్ముయ్!" విరూపాక్షం మళ్ళీ అరవబోయాడు. అరిస్తే రేపు కోనకు అదే కదా తిండి! పెదవులు బిగించుకున్నాడు. నేల మీద చతికిలబడి, ఆకు విప్పి, ముద్ద అరచేతిలో పెట్టుకుని చేయి చాపాడు. పిలవలేదు. కదలలేదు. చేయి తిమ్మిరెక్కింది. కుక్క బండ చాటునుంచి వచ్చి సగం దారిలో పడుకుని, చీకటి పడేదాకా అతణ్ణి చూస్తూ ఉండిపోయింది. అంతకుమించి రాలేదు. ఏమీ జరగని రోజది, కనీసం అతని లెక్కలో.

నాలుగో రోజు వెళ్ళేటప్పుడు కాస్త ధైర్యంగా ఉన్నాడు. నిన్న తాను నోరు విప్పలేదు, ఈరోజు కోనకు చెప్పడానికేముంటుంది? అదే చోట కూర్చుని చేయి చాపాడు. కుక్క సగం దారికి వచ్చి నిలబడింది. పొద్దు వాలింది.

వినండి. ఇక్కడ గొంతు తగ్గించాలి.

కోనలోంచి మొదట ఊపిరి వినిపించింది. మనిషి ఊపిరి, తనదే, నిన్నటిది. చేయి నొప్పి పుట్టి ముక్కిన చప్పుడు. పక్షుల కూతలు, అవి రోజూ ఒకే మాటంటాయి కాబట్టి ఏది నిన్నటిదో ఏది నేటిదో తెలియదు, మనిషొక్కడే దొరికిపోతాడు. ఆ తర్వాత ఇంకో ఊపిరి వినిపించింది. బరువైన, తడి ఊపిరి. ఎండుటాకుల మీద మెత్తటి అడుగు. ఆగింది. మరో అడుగు. మొద్దును రంపంతో కోస్తున్నట్టు ఒక గురక, లోపలికీ బయటికీ, లోపలికీ బయటికీ. కొండ ఊళ్ళ వాళ్ళకు ఆ చప్పుడేమిటో చెప్పనక్కర్లేదు. చిరుత. మనిషి ఊపిరీ చిరుత గురకా పక్కపక్కనే వినబడుతున్నాయి, ఒకే చాప మీద పడుకున్న ఇద్దరిలా.

అంటే నిన్న తాను ఏమీ జరగలేదనుకుంటూ కూర్చున్నంతసేపూ అది తన వెనకాలే ఉంది.

మరి ఈరోజు?

విరూపాక్షం తల తిప్పలేదు. తిప్పాల్సిన అవసరమూ లేకపోయింది. ఎదురుగా నిలబడిన కుక్క అతణ్ణి చూడడం లేదు. అతని భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. మెడ మీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి.

లోపల ఇరవై రెండేళ్ళ గొంతు పైకి లేచింది. "రా! వెంటనే రా!" అని అరవమంది. అరిస్తే కుక్క బెదిరి బండల్లోకి దూకుతుంది. ఒంటరిగా దూకిందంటే ఇక అది లేదు. చేయి తనంతట తానే పంచెలోని బరికె మీదికి పోయింది. చిరుతను కొడదామా? కుక్కను అదిలిద్దామా? ఆ చేయి ఇన్నేళ్ళలో నేర్చిన పని ఒక్కటే కదా పాపం. బరికెను లాగి, చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు. రెండో చేయి కూడా చాపాడు. రా అనే మాట నోటిదాకా వచ్చింది గానీ ఆ మాటను తానే పాడుచేశాడు. అందుకని దానికి బదులు, వాకిట్లోకి అప్పటికే వచ్చేసిన బిడ్డతో అన్నట్టు, నెమ్మదిగా అన్నాడు.

"వచ్చినావా నాయనా?"

కుక్క చూపు అతని ముఖం మీదికి మళ్ళింది. వెనక ఎండుటాకు కదిలింది. కుక్క ఒక అడుగు వేసింది. ఇంకొకటి. పరుగెత్తకుండా, ఆగకుండా వచ్చి, చల్లటి ముక్కు అతని అరచేతిలో పెట్టింది. సంగటి తినలేదు, ముక్కు పెట్టిందంతే. విరూపాక్షం లేచాడు. కుక్క అతని మోకాలికి ఒళ్ళు ఆనించి నడిచింది. ఇద్దరూ వెనక్కి చూడలేదు. దారి పొడుగునా ఆ రంపపు గురక పది బారల దూరంలో వెంట నడిచింది. ముళ్ళకంప దాకా వచ్చి ఆగింది. కంప తలుపు పడింది. సుంకమ్మ కుక్కను కావలించుకుని, "ముదనష్టపోడా, ఇన్నాళ్ళకా!" అనబోయి నాలుక కరుచుకుని, ముద్ద తేవడానికి లోపలికి పోయింది.

తెల్లారి ఆమె మరిది వెళ్ళి చూస్తే, మాస్టరు కూర్చున్న చోటికి వెనక, చేయి చాపితే అందేంత దూరంలో, గడ్డి వత్తుకుపోయి ఉందట. రెండు రోజులు ఒకే చోట పడుకున్నట్టు. ఆ సాయంత్రం పొద్దు వాలే వేళకు కోన పలికింది. "వచ్చినావా నాయనా?" అంది. అంచు మీద ఎవరూ లేరు. దొడ్డిలో గొర్రెలన్నీ ఒక్కసారి తల తిప్పి అటు చూశాయట. కొట్టం ముందు కూర్చున్న సుంకమ్మ చేతిలో పని ఆపి, ఎవరికో తెలియదు గానీ, "ఆఁ, వచ్చినా" అని బదులు చెప్పిందట.

అప్పటికి విరూపాక్షం మఠం చేరాడు. తాడు లేదు, కుక్క వెంట ఉంది. అది నాలుగు రోజులు మంద దగ్గర, నాలుగు రోజులు మఠంలో ఉండేటట్టు సుంకమ్మ ఒప్పుకుంది. జరిగిందంతా చెప్పాడు. అవ్వ విని, ఊఁ అని, కుక్కకు గంజి పోసింది. శిష్యుడి తొడ వైపు ఒకసారి చూసింది.

మర్నాడు తెల్లవారకముందే విరూపాక్షం జపానికి కూర్చున్నాడు. నాలుగు నామాలు తిరక్కముందే మనసు లేచి పోయింది. గేటు దగ్గరికి పోయింది, కోన అంచుకు పోయింది, చిన్నప్పుడు చనిపోయిన తమ్ముడి దగ్గరికి పోయింది. ఎండ వాకిట్లోకి వచ్చింది. అప్పుడు, తోక నేలకు రాస్తూ వచ్చిన ఆ కుక్కలా, మెల్లగా తిరిగొచ్చింది. అతని చేయి పైకి లేచి, ఎటు దిగాలో తెలియక గాలిలో ఆగిపోయింది. ఎదురుగా అవ్వ చేట పట్టుకుని నిలబడి ఉంది.

"అవ్వా" అన్నాడు. "ఇంతసేపూ ఎక్కడెక్కడో తిరిగింది. ఇప్పుడే వచ్చింది. ఏం చేయాలి?"

అవ్వ చేటలోకి చూస్తూనే అంది.

"వచ్చింది కదా. కూడు పెట్టు."

ఇంతే కథ. దీంట్లో మీరు కొంగున ముడి వేసుకుని పోవలసింది ఒక్క పని. ఈరోజు మీ పిలుపుకు ఎవరో ఒకరు ఆలస్యంగా వస్తారు. బిడ్డో, పెనిమిటో, కోడలో, మీ మనసో. ఎక్కడికి పోయావని అడగకముందే పక్కన చోటు చూపించండి. ఒక్కసారి చేయండి. అది రేపు వినబడుతుంది. రేపు విన్నాక మళ్ళీ చేయండి.